సర్కారు జీతము, గడియారము

రైలు వచ్చువరకు గేటు చెంత కూర్చున్న మనిషి పనిలో ఉన్నట్లా, విశ్రాంతిలో ఉన్నట్లా? వినుటకు ఇది చమత్కారపు ప్రశ్నవలె తోచును. కాని మన దేశములో ప్రభుత్వోద్యోగుల పని గంటలను గూర్చి, వానికి మించిన పనికి ఈయవలసిన ఓవర్‌టైమును గూర్చి సాగిన వివాదము చాలవరకు ఈ ప్రశ్న చుట్టే తిరిగినది. దీనికి తోడబుట్టినది మరియొక ప్రశ్న: ఉద్యోగికి జీతము నిర్ణయించునది అతని అవసరమా, సర్కారు బొక్కసమా?

1919లో వాషింగ్టను నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక సభ పని గంటలపై ఒక ఒడంబడిక చేసినది. దాని ఫలితముగా 1930లో మన రైల్వే చట్టమును సవరించి, ఎడతెగని పని చేయువారికి వారమునకు 60 గంటలు, విరామములతో కూడిన పని చేయువారికి 84 గంటలు అని హద్దు పెట్టిరి. 84 గంటలనగా ఏడు దినములును, దినమునకు పండ్రెండేసి గంటలు! హద్దు అని పేరే గాని, ఆ మనిషికి ఆదివారము మిగులలేదు. స్వాతంత్ర్యము వచ్చు నాటికి న్యాయమూర్తి రాజాధ్యక్ష ఈ లెక్కలను తిరిగి విచారించి తీర్పు చెప్పెను. ఎడతెగని పనికి 54 గంటలు, మిక్కిలి శ్రమతో కూడిన పనికి 45, విరామములు గల పనికి 75.

ఈ మూడవ తరగతియే తగవులకు మూలము. కూర్చున్నాడు గనుక పని లేదనుట యాజమాన్యపు వాదము. కునుకు తీసినచో శిక్ష తప్పదు గనుక కాచుకొని యుండుటయు పనియే యనుట కార్మికుల వాదము. ఈ రెండవ దానిని మేము కాదనజాలము. స్టూడియోలో ఎర్రదీపము వెలుగువరకు ఊపిరి బిగబట్టి కూర్చుండుట ఎంత పనియో మాకును కొంత తెలియును.

ఇక జీతముల మాట. 1912లో ఏర్పడిన ఇస్లింగ్టను కమిషను ఒక సూత్రము చెప్పినది. తగిన మనుష్యులు ఉద్యోగములకు వచ్చుటకును, వచ్చినవారు తృప్తిగా నిలుచుటకును ఎంత అవసరమో అంతే ఈయవలెను, అంతకు మించి ఈయరాదు. అంగడిలో సరకునకు ధర కట్టినట్లే గదా! రెండవ ప్రపంచ యుద్ధకాలపు కరువు ధరలతో ఈ సూత్రము చెల్లని కాసు అయినది. 1946 జూలై 11న తపాలా ఉద్యోగులు సమ్మె కట్టిరి. అప్పటికే న్యాయకోవిదుడు వరదాచారియార్ అధ్యక్షతన మొదటి వేతన సంఘము ఏర్పడి యున్నది. జీవించుటకు చాలని జీతమును ప్రభుత్వము ఇచ్చుట తగదని ఆ సంఘము 1947లో తలంచినది. కడపటి ఉద్యోగికి 30 రూపాయల జీతము, 25 రూపాయల కరువు భత్యము, వెరసి 55 రూపాయలు నిర్ణయించినది. పై అధికారికి గరిష్ఠము 2,000.

తరువాతి కథ 1957లో ముదిరినది. ఆ ఏడు జూలైలో ఢిల్లీలో జరిగిన పదునైదవ భారత కార్మిక మహాసభలో ప్రభుత్వము, యజమానులు, కార్మికులు ముగ్గురును కూర్చుండి కనీస వేతనమునకు కొలతలు ఏర్పరచిరి. డాక్టరు అక్రాయిడు చెప్పిన పోషకాహార ప్రమాణము, ఏటికి కుటుంబమునకు 72 గజముల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు, దీపపు నూనె మున్నగు ఖర్చులు ఆ లెక్కలోనివి. మన గృహిణులు నెల మొదట వేసికొను పద్దే యిది. ప్రభుత్వపు సంతకముతో బయలుదేరుటయే ఇందలి విశేషము.

అదే కాలమున ఆగస్టులో తపాలా ఉద్యోగుల సమ్మె తలపెట్టబడినది. పార్లమెంటు అత్యవసర సేవల బిల్లును ఆమోదించినది. సమ్మె ఆగినది, న్యాయమూర్తి జగన్నాథదాసు అధ్యక్షతన రెండవ వేతన సంఘము ఏర్పడినది. మహాసభ కొలతల ప్రకారము 125 రూపాయలు కావలెనని ఉద్యోగులు కోరిరి. ఆ కొలతలు కేవలము సిఫారసులనియు, వానిని అమలు జరుపుటకు ప్రభుత్వము ఎన్నడును కట్టుబడలేదనియు ఆర్థిక శాఖ తెలిపినది! తాను కూర్చున్న పీట తనది కాదన్నట్లున్నది ఈ మాట. దేశపు ఆదాయము అంతటి కనీసమును మోయజాలదని సంఘము తలంచి, 1959లో 80 రూపాయలు సిఫారసు చేసినది. ఆకస్మిక సెలవులు పదునైదు నుండి పండ్రెండునకు తగ్గవలె ననెను. జీతము కొంచెము పెరిగి పనిదినములు పెరిగినచో, గంట కూలి ఎంత పెరిగినట్లు?

ప్రభుత్వపు వాదములోను బలము లేకపోలేదు. జీతము పన్నులనుండి వచ్చును. ఆ పన్ను కట్టు రైతునకును, కూలికిని పింఛను లేకుండెను. పేద దేశములో ఉద్యోగి యొక్కడే మెట్టు ఎక్కరాదనుట అన్యాయమని చెప్పలేము. అయినను నిత్యావసరముల ధరలు పెరుగునపుడు కరువు భత్యము దానంతట అదే పెరుగవలెనన్న కోరికను సంఘము అంగీకరింపక, ధరల సూచిక సగటున పది పాయింట్లు పెరిగినచో ప్రభుత్వము ఆలోచింపవలెనని మాత్రమే చెప్పుట ఉద్యోగులను కలతపెట్టినది.

1960 జూలై 11 అర్ధరాత్రి తపాలా, రైల్వే మున్నగు శాఖల వారు సమ్మెకు దిగిరి. తపాలా సమ్మెకు సరిగా పదునాలుగేండ్లకు అదే తేదీ! అంతకు ముందే ఆర్డినెన్సు వచ్చినది, వేలమంది నిర్బంధింపబడిరి. ఐదు దినములలో సమ్మె ముగిసినది, సంఘముల గుర్తింపు రద్దయినది. 1966లో ఉభయులును కూర్చుండి మాటలాడు సంప్రదింపుల యంత్రాంగము ఏర్పడినను, 1968 సెప్టెంబరు 19న అదే కనీస వేతనమునకై ఒకనాటి సమ్మె జరిగెను. పఠాన్‌కోటులో తుపాకులు ప్రేలినవి, ప్రాణములు పోయినవి. 1973 నాటి మూడవ వేతన సంఘము 185 రూపాయల దగ్గర ఆగినది.

ఈ చరిత్రలో మన తెలుగువాడొకడు కలడు. వరాహగిరి వెంకటగిరి 1927లో ఖరగ్‌పూరు రైల్వే సమ్మెకు నాయకత్వము వహించినవాడు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవిని విడిచినవాడు. 1974 మే 8 నుండి 27 వరకు, ఎనిమిది గంటల పనిదినము, బోనసు మున్నగు కోరికలతో రైల్వే కార్మికులు మహాసమ్మె జరిపి అణచివేతకు గురి యైనపుడు, అదే గిరి రాష్ట్రపతి పీఠముపై ఉండెను. ఆ ఇరువది దినములు ఆయన మనసు ఎట్లుండెనో ఊహింపవలసినదే.

గేటు మనిషి సంగతి యేమైనది? మియాభాయి ట్రిబ్యునలు ఎడతెగని పనికి 54 గంటలను 48కి దించినది. గేటువారి వంటివారికి మాత్రము అదనపు గంటల తగులము పూర్తిగా వదలలేదు. ఓవర్‌టైము భత్యము చాలినంత కాలము చెల్లినదనియు, యంత్రములు నడుపువారికి, చట్టము రక్షించువారికి తప్ప తక్కినవారికి దానిని నిలుపవలెననియు ఏడవ వేతన సంఘము చెప్పగా, 2018లో కేంద్రము ఆ మేరకు ఉత్తరువులు ఇచ్చెను. మిగిలినవారికి చెల్లించు రేటును మాత్రము పెంచలేదు. అది 1991 మార్చి నాటి ఉత్తరువులోని రేటే.