ఒగ్గు డోలు ఎరగని యంత్రం

మాంట్రియల్‌లో ఆపరేషన్ బల్ల మీద రోగి మెలకువగానే ఉండేవాడు. మూర్ఛ ఎక్కడ పుడుతోందో వెతుకుతూ డాక్టర్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెదడులో కణత వైపు భాగాన్ని కొద్దిపాటి కరెంటుతో తాకేవాడు. మెదడుకు నొప్పి తెలియదు. రోగి మాట్లాడుతూనే ఉంటాడు. కొందరు ఉన్నట్టుండి పాట వినిపిస్తోందనేవారు. గదిలో పాటేమీ లేదు. ఇలాంటి అనుభవాలను పెన్‌ఫీల్డ్ 1963లో గుదిగుచ్చి ప్రచురించాడు.

కరెంటు తాకితే పాట పలికింది. మరి పాట వింటున్నప్పుడు మెదడులో పుట్టే కరెంటును పట్టి, దాన్ని తిరిగి పాటగా మార్చవచ్చా? మనిషి మెదడు విద్యుత్తును జర్మనీలో హన్స్ బెర్గర్ 1924లోనే నమోదు చేశాడు. ఈ ప్రశ్నకు గట్టి జవాబు రావడానికి మాత్రం దాదాపు నూరేళ్లు పట్టింది. అమెరికాలోని ఆల్బనీ ఆసుపత్రిలో మూర్ఛ చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన 29 మందికి పింక్ ఫ్లాయిడ్ పాట ఒకటి వినిపించారు. మొత్తం 2,668 ఎలక్ట్రోడ్లు. కంప్యూటర్ ముందుగా పాటను హెచ్చు స్వరాలు, తగ్గు స్వరాలుగా క్షణక్షణానికీ విడగొట్టింది. ఏ స్వరానికి మెదడు ఎలా స్పందించిందో జత కలిపి నేర్చుకుంది. చివరికి 15 సెకన్ల పాటను మెదడు సంకేతాల నుంచే తిరిగి కట్టింది. బర్క్‌లీ శాస్త్రవేత్తలు 2023లో వినిపించిన ఆ ముక్క నీళ్లలో మునిగినట్టుంటుంది, కానీ పాట ఏదో గుర్తుపట్టవచ్చు.

ఈ చరిత్రలో హైదరాబాద్‌కూ చోటుంది. ట్రిపుల్ ఐటీ ఆచార్యురాలు వినూ అల్లూరి ఫిన్లాండ్‌లో పరిశోధన చేస్తున్న రోజుల్లో, పియాజోలా టాంగో వింటున్న 11 మంది సంగీతకారుల మెదళ్లను ఎఫ్ఎంఆర్ఐతో చూసిన బృందానికి నాయకత్వం వహించారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. శబ్దపు రంగుకు, లయకు, శ్రుతికి మెదడులో వేర్వేరు యంత్రాంగాలు కదులుతాయని అందులో తేలింది. 2014లో ఆమె కూడా ఉన్న బృందం ఎదురు దిశలో నడిచింది. బీటిల్స్ పాటలు వింటున్న మెదడును చూసి, పాటలోని లయనూ నాదపు తీరునూ ఊహించింది. ఎఫ్ఎంఆర్ఐ కొలిచేది రక్త ప్రవాహాన్ని. అది సెకన్ల ఆలస్యంతో కదులుతుంది కాబట్టి డోలు మీద పడే ఒక్కో దెబ్బ దానికి విడిగా అందదు.

నాకు అంతకన్నా పెద్ద లోటుగా తోచేది వేరే ఉంది. 2023లోనే జపాన్ శాస్త్రవేత్తలు, గూగుల్ కలిసి ఐదుగురికి 540 సంగీత ముక్కలు వినిపించి, వాళ్ల మెదడు చిత్రాల నుంచి అలాంటి సంగీతాన్నే పుట్టించారు. ఆ ముక్కలు పది రకాలు: బ్లూస్, క్లాసికల్, కంట్రీ, డిస్కో, హిప్‌హాప్, జాజ్, మెటల్, పాప్, రెగే, రాక్. ఇలాంటి యంత్రం తనకు నేర్పిన వాటి పోలికల్లోనే కొత్తదాన్ని వెతుకుతుంది. వేములవాడ దగ్గరి హన్మాజిపేటలో మిద్దె రాములు చెప్పిన ఒగ్గు కథను చిన్ననాటి నుంచీ విన్న మనిషిని ఆ స్కానర్‌లో పడుకోబెడితే, డోలు మోతను అది ఈ పదింటిలో దేనికి కట్టబెడుతుంది? అదే ఊరివాడైన కవి సినారె సినిమా పాటలకైనా ఆ పదింటిలో సరైన గడి దొరకదు.

విన్నది ఏమిటన్నదే కాదు, విన్నది ఎవరన్నదీ ముఖ్యమే. 2018లో ఫిన్లాండ్ పరిశోధకులు 18 మంది సంగీతకారుల, 18 మంది ఇతరుల మెదడు స్పందనలను పోల్చారు. ఎవరు సంగీతం నేర్చినవారో 77 శాతం కచ్చితంగా కంప్యూటర్ చెప్పగలిగింది. నేర్చిన విద్య వినికిడిలో కనిపిస్తుందన్నమాట. అయితే మన దగ్గర ఆ విద్య బడిలో మొదలు కాదు. ఆదిలాబాద్ గోండుల వంశగాథలను తరతరాలుగా కాపాడుతున్న ప్రధాన్లు కిక్రి అనే తీగ వాద్యం వాయిస్తూ వాటిని పాడతారు. 1940ల్లో మర్లవాయిలో ఉన్న మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాజ్‌గోండుల మీద 1948లో వెలువరించిన పుస్తకంలో ఈ గాథలకు పెద్దపీట వేశాడు. అదే మర్లవాయి నుంచి గుస్సాడీ నాట్య కళాకారుడు కనకరాజు 2021లో పద్మశ్రీ దాకా వెళ్లాడు. దీపావళికి ఆడే దండారి నాట్యంలో పెప్రె సన్నాయి, డోలు వింటూ పెరిగిన పిల్లలకు లయ చెవికన్నా ముందు కాళ్లకు తెలుస్తుంది.

ట్రిపుల్ ఐటీలో స్కానర్ డేటాను చదవగలవారు ఉన్నారు, మర్లవాయిలో వినగలవారు ఉన్నారు. వీళ్లిద్దరూ కలిసి చేసే ప్రయోగం ఒకటి జరగాలి. కిక్రి, పెప్రె, ఒగ్గు డోలు ముందు మంచి మైకులతో రికార్డు కావాలి. ఏ గాథ బయటికి ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో ప్రధాన్లే తేల్చాలి. కళాకారులకు, స్కానర్‌లో పడుకునేవారికి కూలి ముట్టాలి. వాళ్ల మెదడు డేటా ఎవరి చేతికి వెళ్తుందో గోండిలోనూ తెలుగులోనూ చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి.