లైనక్స్‌లో తెలుగు కీబోర్డు: అమరిక తప్పితే సరిదిద్దుకోవడం

లైనక్స్‌లో ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలో ఎక్స్‌కేబీ పట్టికలు నిర్ణయిస్తాయి. వాటిలో తెలుగు, భారతదేశపు అమరిక కింద 'టెల్' అనే ఉపరూపంగా ఉంది. ఇది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. కగప, సరళ అనేవి మరో రెండు.  

ఇంగ్లీషును తీసేసి తెలుగు ఒక్కటే మిగిల్చినప్పుడే అసలు చిక్కు. టెర్మినల్‌లో ఫైళ్ల జాబితా కోసం ఎల్, ఎస్ నొక్కితే 'తే' పడుతుంది. ఇంగ్లీషుకు మార్చే 'సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ యూఎస్' ఆదేశం కొట్టబోతే చివరి 'యూఎస్' కాస్తా 'హే' అవుతుంది. లాగిన్ తెరపై పాస్‌వర్డ్ చుక్కలుగానే కనబడుతుంది కనుక తప్పు ఎక్కడో తెలియదు. అంతమాత్రానికి సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

మౌసుతో సెట్టింగులు తెరిచి, కీబోర్డు విభాగంలో ఇంగ్లీషును చేర్చడం అన్నిటికన్నా తేలిక. గ్నోమ్‌లో రెండు భాషలుంటే సూపర్, స్పేస్ కలిపి నొక్కితే మారతాయి. డెస్క్‌టాప్‌లో చేసిన మార్పు సాధారణంగా ఆ వాడుకరికే పరిమితం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కు వెళ్తే అక్కడ మామూలుగా ఇంగ్లీషే ఉంటుంది. మరో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో ప్రవేశించినా ఆ కంప్యూటర్ అమరికే పనిచేస్తుంది. డెబియన్, ఉబుంటులలో మొత్తం సిస్టమ్ అమరిక ఈటీసీ కింద డిఫాల్ట్ డైరెక్టరీలోని 'కీబోర్డ్' ఫైలులో ఉంటుంది. ఫెడోరాలో లోకల్‌సీటీఎల్ వాడాలి. పాత మార్గదర్శకాలు చాలావరకు సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌నే సూచిస్తాయి గానీ, వేలాండ్ డెస్క్‌టాప్‌లో అది నమ్మదగ్గ దారి కాదు.

ఎక్స్‌కేబీ పైన పనిచేసే ఐబస్ అనే ఇన్‌పుట్ వ్యవస్థ వేరే అంచె. ఎం17ఎన్ అనే లైబ్రరీ ద్వారా ఆర్టీఎస్, పోతన, ఆపిల్ పద్ధతులు అందులోకి వస్తాయి. అమరిక సరిగానే ఉండి అక్షరాలు మాత్రం తప్పుగా పడుతుంటే ముందు ఐబస్‌ను రీస్టార్ట్ చేసి చూడాలి.

హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ, లైనక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో ఇంజనీరింగ్ విద్యార్థులను కలుపుకుంది. అలాంటి విద్యార్థులుండే మేడ్చల్, కండ్లకోయ, శామీర్‌పేట వైపు కళాశాలల ల్యాబుల్లాగా ఒకే యంత్రాన్ని పలువురు వాడేచోట, ఒకరు అందరికీ వాడే ఖాతాలో మార్చిన అమరిక తర్వాత కూర్చున్నవారికి అడ్డొస్తుంది. ల్యాబు నిర్వాహకులు ఆ ఖాతాలో ఇంగ్లీషును మొదటి అమరికగా ఉంచి, తెలుగును రెండోదిగా చేర్చాలి.