పాతోడైపోనాడు

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో మీరు నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ వైపు ఒక ప్రవాహం, అటు నుంచి ఇటు ఇంకొకటి. మురీ మిక్చర్ బండి దగ్గర ఉల్లిపాయ టకటకా తెగుతోంది. ఇసకలో ఒక గుర్రం, గుర్రం మీద ఏడుస్తున్న పిల్లాడు, ఎదురుగా ఫోటో తీస్తున్న తండ్రి. జనాన్ని తప్పించుకుని మెట్లు దిగితే పది మంది గుండ్రంగా నిలబడి ఉన్నారు. అందరూ కుర్రాళ్లే, ఒక్క అమ్మాయి తప్ప.

మధ్యలో ఉన్నవాడికి పదిహేడేళ్లు ఉంటాయేమో. ఎడమచేతిలో ఫోను, అందులో రాసుకున్న పాట. తొంగిచూస్తే తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లిషువి. పక్కవాడి చంకలో నీళ్ల సీసా అంత స్పీకరు. బీటు యూట్యూబ్‌లోంచి ఊరికే దించుకున్నది కాబట్టి అది చేసినవాడి పేరు మధ్యమధ్య ఒక ఆడగొంతులో వినపడుతుంటుంది. డబ్బు కడితే ఆ గొంతు తీసేసిన బీటు ఇస్తారు. వీడు కట్టలేదు. కట్టకపోయినా ఓ ఉపాయం పన్నాడు: ఆ పేరు వచ్చే చోటల్లా తను ఊపిరి పీల్చుకునేలా చరణం అల్లుకున్నాడు. రికార్డు చేస్తున్న రెండో ఫోనుకి అమ్మాయి తన చున్నీ నాలుగు మడతలు చుట్టింది, లేకపోతే పాటంతా గాలి హోరే.

వాడు మొదలెడతాడు. మొదటి మాటే తన పేరు, అంటే వాడు పెట్టుకున్న పేరు. నాలుగు పంక్తుల తరవాత మళ్లీ అదే పేరు. వాళ్ల అమ్మానాన్నలకి తెలియని ఆ పేరు మీకు ఈపాటికే కంఠతా వచ్చేసింది. మన శతక కవులు పద్యం చివర మకుటం వేసినట్టే ఇదీ, పైగా పాటకి తాళం కప్ప లాంటిది. ఆ తాళం ఎంత గట్టిదో న్యూయార్క్‌లో ఒకసారి తేలింది. 1979లో 'రాపర్స్ డిలైట్' అనే రికార్డు ర్యాప్‌ని వీధిలోంచి రేడియోలోకి తెచ్చింది. అందులో పాడిన ఒకడు బ్రాంక్స్‌లోని గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోటుబుక్కు తెచ్చుకుని చరణాలు ఉన్నవి ఉన్నట్టు దించేశాడు. కాజ్ తన ముద్దుపేరును అక్షరం అక్షరం పలికిన చోటును కూడా మార్చలేదు. రికార్డు ప్రపంచమంతా తిరిగింది. డబ్బూ పేరూ వేరేవాళ్లవి, పాటలో వినపడే పేరు మాత్రం కాజ్‌ది.

గుంపులో చప్పట్లు. వాడు మీ వైపు తిరుగుతాడు. ఎవర్ని విని మొదలెట్టావు అని మీరు అడుగుతారు.

"రోల్ రైడా అన్నని. చిన్నప్పుడు."

"ఇప్పుడు వింటున్నావా?"

మొహమాటంగా నవ్వుతాడు. "ఆ అన్న పాతోడైపోనాడు, అంకుల్."

ఆ 'అంకుల్'తో మీరూ అదే జాబితాలో చేరిపోయారు. ఇప్పుడెవరు మరి? ఒకడు హనుమాన్‌కైండ్ అంటాడు. మృత్యుబావిలో కార్లు, మోటారు సైకిళ్లు గిర్రున తిరుగుతుంటే కేరళ మూలాల కుర్రాడు ఇంగ్లిషులో దంచిన 'బిగ్ డాగ్స్' 2024లో ప్రపంచాన్ని ఊపేసింది. "అదీ పాతదే కదేటి," అంటుంది చున్నీ అమ్మాయి. ఆమెకు రాజకుమారి ఇష్టం. కాలిఫోర్నియాలో పెరిగిన ఎల్లాప్రగడ వారి అమ్మాయి. కూచిపూడి నేర్చుకున్న కాళ్లూ నోరూ కాబట్టి ర్యాప్ మధ్యలో జతులు పడిపోతాయి. గుంపులో సగం మందికి ఆమె తెలుగావిడని తెలియదు.

ఇక్కడ నిలబడి బాబా సెహగల్ పేరు ఎత్తి చూడండి. పది మొహాల్లో ఒక్కటీ కదలదు.

1993లో ఇదే ఊళ్లో జగదాంబ సెంటర్ దగ్గర ఒక కేసెట్ల కొట్టు ముందు మీరు నిలబడ్డారనుకోండి. చేతిలో తెల్లకాగితం, దాని మీద పద్నాలుగు పాటల పేర్లు. కొట్టువాడికి ఆ చీటీ, ఖాళీ కేసెట్టు ఇస్తే రెండ్రోజుల్లో నింపి ఇస్తాడు. జాబితాలో ఇళయరాజా ఉన్నాడు, రాజ్-కోటి ఉన్నారు, అట్టడుగున 'ఠండా ఠండా పానీ' ఉంది. లక్నో కుర్రాడు, ఇంజినీరింగ్ చదివినవాడు, 1992లో హిందీలో ర్యాప్ కేసెట్టు తెస్తే దేశం నోరు తెరుచుకుని చూసింది. ఆ పాటకి మూలం వెనిలా ఐస్ పాడిన 'ఐస్ ఐస్ బేబీ', దాని బేస్ వరస క్వీన్, డేవిడ్ బోవీలది. అరువు మీద అరువు. 1990లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన తొలి హిప్ హాప్ పాట పాడిన వెనిలా ఐస్, రెండు మూడేళ్లు తిరక్కుండానే హాస్యగాళ్ల నోట్లో నానాడు. మన సెహగల్‌కి అంత చేటు జరగలేదు. కాకపోతే 1994లో 'ప్రేమికుడు' వచ్చింది. 'పేట ర్యాప్'కి ప్రభుదేవా ఒంట్లో ఎముకలున్నాయా అని విశాఖ కాలేజీలన్నీ అనుమానపడ్డాయి. ఆ తరవాత ర్యాప్ కోసం ప్రత్యేకంగా కేసెట్టు కొనాల్సిన పని తప్పింది, సినిమా కేసెట్లోనే ఒక ముక్క దొరికేది.

తెలుగులో ర్యాప్ కథ నాకు ఇక్కడే మలుపు తిరిగినట్టు కనిపిస్తుంది. ర్యాపరుని ఇంకో ర్యాపరు దింపేశాడని మనం అనుకుంటాం. మన దగ్గర దింపేది పాటను మోసే బండి. కేసెట్టు పోయింది, దాని మీద వచ్చినవాడూ పోయాడు. సెహగలే చూడండి, పదిహేనేళ్ల తరవాత 2008లో 'జల్సా' టైటిల్ పాటలో, 2012లో 'గబ్బర్‌సింగ్' పాటలో తెలుగు టాకీసుల్లో ఈలలు వేయించాడు. ఈల వేసినవాళ్లలో ఎక్కువమందికి ఆయన పవన్ కళ్యాణ్ పాటలో వింత గొంతు, అంతే. హిందీలో మొదట ర్యాప్ చేసినవాడన్న సంగతి ఆ టికెట్టు మీద లేదు.

తరవాతి బండి టీవీ. వరసగా మూడేళ్లు చూడండి: 2018 బిగ్‌బాస్ ఇంట్లో రోల్ రైడా, 2019లో రాహుల్ సిప్లిగంజ్, 2020లో నోయెల్. ముగ్గురూ హైదరాబాద్ వాళ్లే. వీధిపాటలు, యూట్యూబు పాటలు చేసుకుంటున్నవాళ్లను గాజువాక అపార్టుమెంటులో పప్పు తాలింపు వేస్తున్న పెద్దమ్మ కూడా పేరు పెట్టి పిలిచే స్థితికి ఆ ఇల్లు తెచ్చింది. సీజను గెలిచిన సిప్లిగంజ్ 2023లో 'నాటు నాటు'తో ఆస్కార్ వేదిక మీద నిలబడ్డాడు. తెలుగులో ఒక వీధి గాయకుడు ఎక్కగలిగిన ఎత్తు ఇప్పటికి అదే. అయినా ఆ మెట్టు కూడా సినిమా వేసినదే. తనంతట తను పాడిన ర్యాప్ మీద బతికి, దాని మీదే ముసలివాడైన మనిషి తెలుగులో ఇంకా తయారవలేదు.

చీకటి పడింది. స్పీకరు చార్జింగు అయిపోయింది. కుర్రాడు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సింధియా, మల్కాపురం మీదుగా గాజువాక పోయే బస్సెక్కుతాడు, మీరూ ఎక్కండి. కిటికీ సీటు మీకే ఇస్తాడు. వాళ్ల నాన్న స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని. ఇంట్లో సాధన చేస్తే అమ్మ "ఏటా గొణుగుడు" అంటుందట, అందుకే బీచికి వస్తాడు. అంతలో ఆ అమ్మే ఫోను చేసింది.

"వస్తన్నానే... తినీసినాను... ఆడా? ఆడు జగదాంబ కాడే దిగిపోనాడు... కాదే అమ్మా, నానెందుకు సెప్తానే అబద్దం, ఇదిగో పక్కన అంకులున్నారు, ఇమ్మంటావేటి?"

బీచి మెట్ల మీద వాడు హైదరాబాదు 'భాయ్' యాసలో, అక్కడక్కడా అట్లాంటా నుంచి దిగుమతైన సాగదీతతో పాడాడు. ఈ ఫోను మాటల్లో ఉన్న నడక ఆ పాటలో లేదు. మాట ఎక్కడ తెగాలో, ఎక్కడ జారాలో, ఎక్కడ గుద్దాలో నాలుకకి పుట్టుకతో తెలుసు. ఆ సంగతి మీరు చెబితే వాడు భయపడతాడు. "మన యాసలో పాడితే కామెడీ అనుకుంటారంకుల్." నిజమే, అది వాడి తప్పు కాదు. ఉత్తరాంధ్ర యాస అంటే తెర మీద నౌకరు, లేదా నవ్వించేవాడు అని దశాబ్దాలుగా మప్పింది మన సినిమాయే.

బస్సు పోర్టు దాటుతోంది. ఎర్రగా ఇనపఖనిజం దుమ్ము, నల్లగా బొగ్గు దుమ్ము, క్రేన్ల దీపాలు. సింధియా దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి అటు చూడండి. హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1948లో నెహ్రూ 'జల ఉష' నౌకను నీళ్లలోకి దింపింది ఇక్కడే. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి నుంచి వచ్చిన ఒక ఫిట్టరు ఈ యార్డులోనే పనిచేశాడు. పేరు వంగపండు ప్రసాదరావు. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలి కట్టినవాళ్లలో ఒకడు. ఆ మరుసటేడు, 1973 ఆగస్టులో, బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీలో రెండు రికార్డు ప్లేయర్లు పెట్టి హిప్ హాప్‌కి శ్రీకారం చుట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరి దగ్గరా సరుకు మాత్రం ఒకటే: ఎడతెగని దరువు, దాని మీద జనంతో మాట్లాడే మనిషి.

వంగపండు పాడుతుంటే మధ్యలో ఆపి వ్యాఖ్యానం చెప్పేవాడు, వ్యాఖ్యానంలోంచి మళ్లీ పాటలోకి దూకేవాడు. కాలి గజ్జె ఆగేది కాదు. యంత్రం ఎలా నడుస్తుందో చెబుతూ కార్మికుడి ఒంటి మీదికి వచ్చే ఆయన పాట వింటే, రాసింది యంత్రాన్ని ముట్టుకున్న చెయ్యేనని ఇట్టే తెలుస్తుంది. మాటలన్నీ ఈ యాసే, కామెడీ అని ఎవరూ నవ్వలేదు. 'ఏం పిల్లడో' పాట 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం'లోకి వెళ్లింది. 2009లో దాని పల్లవి మాట 'మగధీర'లో హుషారు పాటగా మారి రాష్ట్రమంతా గంతులు వేయించింది. ఆ గంతులేసినవాళ్లలో వంగపండు పేరు తెలిసినవాళ్లు కొద్దిమందే. ఆయన 2020 ఆగస్టు 4న పోయారు. కాజ్ విషయంలో పేరు మిగిలి పాట చేతులు మారింది. ఇక్కడ పేరు ఊడిపోయి పాట మిగిలింది. వంగపండు తన పాటలో తన పేరు ఇరికించుకునే రకం కాదు మరి.

ఇంకా వెనక్కి వెళ్తే కొప్పరపు సోదర కవులు. నూరేళ్ల కిందట తిరుపతి వేంకట కవులతో పోటీపడి సభల్లో ఆశువుగా పద్యాల వాన కురిపించారు. గంటకు వందల్లో చెప్పేవారట. ఇప్పటి మాటలో ఫ్రీస్టైల్. ఆ వేగానికి రాసుకునేవాళ్ల చేతులు అందక చాలా భాగం గాలిలో కలిసిపోయింది. విశాఖలో వాళ్ల పేరిట కళాపీఠం ఉంది, పద్యాలు దొరికినన్నే ఉన్నాయి.

మీ పక్కవాడి దగ్గర అన్నీ రికార్డయి ఉన్నాయి. "నా చానెల్ చూడండి" అంటూ ఫోను మీ చేతిలో పెడతాడు. మల్కాపురంలో రిఫైనరీ గొట్టం కొసన మండే మంట ఆ గాజు మీద ఎర్రగా కదులుతోంది. చానెల్లో రెండే పాటలు. మిగతావి?

"తీసీసినాను."

"ఎందుకు?"

"అవి వేరే పేరుతో ఉన్నాయంకుల్. అప్పుడు నాకు ఫ్లో రాదు. ఎవరైనా సూస్తే పరువు పోద్ది."

ఎంతకాలం క్రితంవని అడిగితే పోయిన వేసవివి అంటాడు. అంటే వీడిని పాతబెట్టడానికి హైదరాబాద్ నుంచి ఎవరూ రానక్కర్లేదు, ఏడాదికోసారి వీడే ఆ పని కానిచ్చేస్తున్నాడు. కొత్త పేరు, కొత్త చానెలు, మళ్లీ సున్నా నుంచి. ముప్పై సెకన్ల షార్టులు చూపించే ఫోనుకి నిన్నటివాడు అక్కర్లేదని వాడికి బాగా ఒంటబట్టింది.

మాట నాన్న మీదికి మళ్లుతుంది. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటు అమ్మకానికి కేంద్రం సరేనన్న దగ్గర్నుంచి కూర్మన్నపాలెంలో నిరాహార దీక్షా శిబిరం నడిచింది. నాన్న అక్కడ కూర్చున్నాడు, వీడు సైకిలు మీద క్యారేజీ పట్టుకెళ్లేవాడు. "దాని మీద ఒకటి రాసినాను," అంటాడు గొంతు తగ్గించి. "మన యాసలోనే వచ్చీసింది. నాన్నకి ఇనిపించినాను. ఏటీ అన్లేదు, ఇంకోపాలి పెట్టమన్నాడు."

"అదేది, చానెల్లో లేదే?"

"బీటు కొనాలి. అది ఆడగొంతున్న బీటు. నాన్న పాటలో మధ్యలో ఎవత్తో పేరు సెప్తే బాగోదు కదంకుల్."

గాజువాక వచ్చింది. బీటు ధర ఎంతో చెబుతాడు, స్టూడియోలో గంటకి ఎంతో అదీ చెబుతాడు, వచ్చే నెల జీతాల తరవాత చూడాలి అంటాడు. లేచి నిలబడినవాడు ఏదో గుర్తొచ్చినట్టు మీ ఫోను అడిగి తీసుకుని, తన చానెల్ తనే వెతికి, సబ్‌స్క్రైబ్ నొక్కి, గంట బొమ్మ కూడా నొక్కి, తన ఫోనులో అంకె ఒకటి పెరిగిందో లేదో చూసుకుని, పెరిగాకే మీది మీకు ఇచ్చి దిగుతాడు.