చెదరిన కిరణం, కణజాలపు ఆనవాలు: రొమ్ము క్యాన్సర్ చిత్రణలో పరిక్షేపణ చరిత్ర

రొమ్ము క్యాన్సర్ చిత్రణలో పరిక్షేపిత ఎక్స్ కిరణాలకు చాలాకాలం దక్కినది దోషి స్థానమే. సూటిగా సాగిన కిరణం ఫిల్ముపై నీడ గీస్తుంది. దారి తప్పిన కిరణం ఆ నీడను మసకబారుస్తుంది. బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్ శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములపై తన పరిశీలనను 1913లో ప్రకటించాడు. చెదరిన కిరణాలను అడ్డగించే గ్రిడ్‌ను గుస్తావ్ బకీ రూపొందించినదీ ఆ ఏడే. గ్రిడ్ వల్ల చిత్రం తేటపడింది గాని, మమోగ్రఫీలో అందుకు మూల్యంగా కిరణ మోతాదును రెండు మూడింతలు పెంచవలసి వచ్చింది.

పారవేస్తున్న ఆ కిరణాలలోనే సమాచారం ఉందన్న ఆలోచనకు భారతీయ మూలం ఒకటి ఉంది. 1923లో సి.వి.రామన్, కె.ఆర్.రామనాథన్ ద్రవాలలో చెదరిన ఎక్స్ కిరణాలు వలయాలుగా ఏర్పడడాన్ని అణువుల అమరికతో ముడిపెట్టి వివరించారు. కలకత్తాలోని రామన్ ప్రయోగశాలలో 1928లో చేరిన సూరి భగవంతం నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లివాడు. నందిగామ సమీపంలోని పరిటాల వజ్రపు గనులకు ప్రసిద్ధి. వజ్రంలో కాంతి పరిక్షేపణను భగవంతం అధ్యయనం చేయడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైనది. తరువాత ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రం బోధించాడు. ఆయన కృషి ప్రధానంగా కాంతికి సంబంధించినది. కనుక ఆయనను స్తన చిత్రణకు ఆద్యుడనడం అభిమానమే తప్ప చరిత్ర కాదు. ‘చెదరినది చెత్త కాదు’ అన్న దృష్టి తెలుగునాట తరగతి గదులకు చేరడంలో మాత్రం ఆయనకు భాగముంది.

ఆ దృష్టి కణజాలానికి ఎలా వర్తిస్తుంది? మమోగ్రఫీలో వాడే మాలిబ్డినం గొట్టపు కిరణాల శక్తి సుమారు 17.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. శక్తి కోల్పోకుండా చెదరే ఈ కిరణాలు కొవ్వు నుండి సుమారు 9 డిగ్రీల కోణంలో, నీటి పాలు ఎక్కువగా ఉన్న కణితి నుండి సుమారు 13 డిగ్రీల కోణంలో అధిక తీవ్రత చూపుతాయి. నీడల చిత్రంలో దాదాపు ఒకే తీరుగా కనిపించే రెండు కణజాలాలను కోణం వేరుపరచవచ్చు. 1980ల నుండి హాంబర్గ్, లండన్ వంటి చోట్ల ఈ కొలతలు జరిగాయి. చిక్కు మరొకచోట ఉంది: ఆరోగ్యవంతమైన గ్రంథి కణజాలం వక్రరేఖ కణితి వక్రరేఖకు చాలా దగ్గర. పైగా సంకేతం బలహీనం. దానిని బలపరచబోతే మోతాదు పెరుగుతుంది. అందుకే ఈ కొలతలలో అధికభాగం శరీరం నుండి వేరుచేసిన నమూనాలపైనే జరిగాయి.

ఏలూరు సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల భౌతికశాస్త్ర శాఖకు చెందిన డి.వి.రావు ఇటలీ, జపాన్ పరిశోధకులతో కలిసి ఫోటాన్ల పరిక్షేపణపైన, సింక్రోట్రాన్ కిరణాలతో మృదు కణజాల చిత్రణపైన పత్రాలు ప్రచురించారు. సింక్రోట్రాన్ జిల్లా ఆసుపత్రిలో ఒదిగే యంత్రం కాదు. విజయవాడకు నందిగామ దాదాపు 50, జగ్గయ్యపేట దాదాపు 80 కిలోమీటర్ల దూరం. అక్కడి స్త్రీకి మమోగ్రామ్‌లో అనుమానాస్పదమైన మచ్చ కనబడితే, అది క్యాన్సర్ అవునో కాదో నేటికీ తేల్చేది సూదితో తీసిన ముక్కే. ఫలితం వచ్చేదాకా ఆమె వేచి ఉండవలసిందే. పరిక్షేపణ కొలత తగ్గించగలదని పరిశోధకులు ఆశించేది, చివరకు నిరపాయకరమని తేలే గడ్డల కోసం జరిగే ఆ సూది పరీక్షల సంఖ్యనే.