క్రిస్మస్ బట్టల డబ్బు: మన మెట్ట ఊళ్లలో ఒక పండుగ ఖర్చు కథ

సంఘం పుస్తకంలో అప్పు ఎందుకు తీసుకున్నారో రాసే గడి ఒకటి ఉంటుంది. గేదె, మిరప పెట్టుబడి, పిల్లల ఫీజు అని రాస్తాం. డిసెంబరు వచ్చేసరికి ‘ఇంటి అవసరం’ అన్న మాట ఎక్కువవుతుంది. ఆ అవసరాల్లో కొన్ని పండుగ బట్టలేనని మీటింగులో కూర్చున్న అందరికీ తెలుసు. గడిలో ‘క్రిస్మస్’ అని రాయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పదు. పండుగకి అప్పు చేశామంటే నామోషీ. కానీ ఈ అప్పుకి మన ప్రాంతంలో చాలా పాత కథ ఉంది.

బందరులో 1841లో చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు పని మొదలుపెట్టారు. మెట్ట పల్లెల్లోకి ఆ మతం నిజంగా వచ్చింది 1859లో, రాఘవాపురం పాగోలు వెంకయ్య బాప్తిస్మంతో. అక్కడి నుంచి చుట్టుపక్కల దళితవాడల్లోకి పాకింది. క్రిస్మస్ మొదట చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాలేళ్లు, కూలీలు. కూలి గింజల్లోనే వచ్చేది. చేతిలో నాణెం ఆడటం తక్కువ. కాబట్టి పండుగ కూడా ఉన్న గింజలతోనే జరిగేది.

ఆ కాలపు ఆడవాళ్ల అలవాటు ఒకటి మనం గుర్తుపెట్టుకోవాలి. వంటకి గింజలు కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. అది గుడికి ఇచ్చే కానుక. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారి కాలంలో పంటల పండుగలకి జనం ధాన్యం, కోళ్లు, గుడ్లు మోసుకొచ్చి ఇచ్చేవాళ్లు. పేదవాళ్లు కూడా ఇవ్వగలరన్నది ఆయన గట్టి నమ్మకం. నాకు మాత్రం ఆ కుండలో ఇంకో సంగతి కనిపిస్తుంది. రూపాయి పొదుపు రాకముందే మన ముత్తవ్వలకి పొదుపు తెలుసు. మిగిలింది దాచడం కాదు, పొయ్యి మీద పెట్టకముందే తీసి పక్కన పెట్టడం.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాక లెక్క మారింది. జొన్న చేలు తగ్గి పత్తి, మిరప, వరి పెరిగాయి. కూలి రూపాయల్లోకి మారింది. పండుగ ఖర్చు కూడా రూపాయల్లోకి మారింది: కొత్త బట్టలు, ఇంటి మీద స్టారు, కేకు, కోడికూర. ఇక్కడే ఒక చిక్కు. క్రిస్మస్ నాటికి చేతికొచ్చేది పత్తి తీత డబ్బు, అది కొద్దిపాటిది. పెద్ద డబ్బు మిరపకోతలది, అది సంక్రాంతి దాటాక. పండుగ సరిగ్గా ఈ రెండింటి మధ్య పడుతుంది. అందుకే జగ్గయ్యపేటలో, నందిగామలో బట్టల కొట్లలో అరువు రాయించుకుని, ‘మిరపకోతల్లో కట్టేస్తాం’ అనడం అలవాటైంది. ఆ మాట చెప్పిన మూడు వారాలకే సంక్రాంతి. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ల. క్రిస్మస్ చేసుకునే ఇంటికీ ఆ రెండిటికీ చుట్టాలొస్తారు కదా!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా పోరాటం, 1993 అక్టోబరులో వచ్చిన సారా నిషేధం మనందరికీ తెలిసినవే. ఆ ఊపులోనే రోజుకు రూపాయి దాచే పొదుపు లక్ష్మి వచ్చింది, డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరిగాయి. పిడికెడు గింజల కుండ మళ్లీ వచ్చినట్టే, ఈసారి రూపాయిగా.

ఆ తర్వాత సులువు అప్పు కూడా ఇంటి ముందుకొచ్చింది. మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం కిస్తీ పెట్టి డబ్బిచ్చారు. పండుగ ముందు వద్దనడం ఎవరికైనా కష్టమే. ఒక కిస్తీకి ఇంకోచోట అప్పు, దానికి మరోచోట. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలోనే అధికారులు అలాంటి శాఖలు యాభై దాకా మూయించారు. దేశమంతా మన జిల్లా పేరు మోగింది, మంచికి కాదు. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు వచ్చి, వారం కిస్తీ నెల కిస్తీ అయింది.

అప్పు వద్దనుకున్నవాళ్లు పండుగ చీటీ కట్టారు. వారానికింత కడితే పండుగకి సరుకులో వెండి వస్తువో ఇస్తామనేవాళ్ల దగ్గర. ఆలోచన మంచిదే. 1909లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్లో ఒక బ్యాంకు ఇలాగే క్రిస్మస్ క్లబ్బు పెట్టింది. వారం వారం కొంచెం కట్టాలి, పండుగ ముందు మొత్తం చేతికొస్తుంది. అది అక్కడ ఊరూరా పాకింది. కానీ ఇంగ్లండులో ఫేర్‌పాక్ అనే కంపెనీ ఇదే పని చేసి 2006 అక్టోబరులో మునిగిపోయింది. లక్షమందికి పైగా కుటుంబాలు, ఎక్కువగా చిన్న సంపాదన వాళ్లు, పండుగకి రెండు నెలల ముందు ఉత్త చేతులతో మిగిలారు. కట్టిన డబ్బు చాలామందికి పూర్తిగా తిరిగి రానేలేదు. పద్ధతి ఒకటే. ఒకచోట డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంది, ఇంకోచోట కంపెనీ వ్యాపారంలో కలిసిపోయింది. మన ఊళ్లో చీటీ కట్టే అక్క కూడా ముందు అడగాల్సింది అదే: నా డబ్బు ఎవరి పేరు మీద ఉంది?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒక ఇంట్లో క్రిస్మస్‌కి ఆరు వేలు ఖర్చనుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 180. మిరపకోతలయ్యి ఏప్రిల్లో కడితే నాలుగు నెలలకి 720, అంటే ఒక పిల్ల గౌను. అదే సంఘం అప్పు రూపాయి వడ్డీకైతే 240, ఆ వడ్డీ కూడా మన సంఘానికే వస్తుంది. జనవరి నుంచి వారానికి 120 చొప్పున యాభై వారాలు పక్కన పెడితే వడ్డీయే లేదు. పత్తి తీతలప్పుడు ఎక్కువ, పని లేని వేసవిలో తక్కువ కట్టుకోవచ్చు, ఏడాది మొత్తం సరిపోతే చాలు.

ఖర్చులో పెద్ద ముక్క పెట్టుపోతలు. ఆడబిడ్డకి చీర, అల్లుడికి ప్యాంటు షర్టు, మేనకోడలికి గౌను. మనకి కానుకంటే బట్టలు పెట్టడమే. అవి మానేయమని చెప్పడం తేలిక, చేయడం తేలిక కాదు. పెట్టకపోతే మాట పడాలి. నా ఉద్దేశంలో మానడం కంటే కొనే కాలం మార్చడం మంచిది. పెద్దవాళ్ల చీరలు ఆషాఢం తగ్గింపుల్లో కొని పెట్టెలో పెట్టుకోవచ్చు, డిసెంబరు నాటికి చీర పాతబడదు. పిల్లల బట్టలు మాత్రం అప్పుడు కొనకూడదు, పొట్టివైపోతాయి. నలుగురైదుగురు కలిసి విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత హోల్‌సేల్ కొట్లకి వెళ్తే బస్సు ఖర్చు పోను మిగులుతుంది, ఒక్కరే వెళ్తే మిగలదు. ఇంకో మాట, రెండిళ్ల వాళ్లు ముందే మాట్లాడుకుని ‘ఈ ఏడు పిల్లలకే, పెద్దలకి వద్దు’ అనుకుంటే ఎవరి మర్యాదా పోదు. చెప్పకుండా ఒకవైపు మానేస్తేనే పోతుంది.

పండుగ పొదుపు పెట్టాలనుకునే సంఘం జనవరి మొదటి మీటింగులోనే తీర్మానం రాయాలి. నెల పొదుపులో కలపకుండా వేరే కాలమ్ గీసుకోవాలి. డబ్బు సంఘం బ్యాంకు ఖాతాలోనే ఉండాలి, ఎవరి ఇంట్లోనూ కాదు, లీడరు ఇంట్లో కూడా. పంచే తేదీ ముందే వేసుకోవాలి. డిసెంబరు మొదటి వారమైతే కొట్లలో రద్దీ ఉండదు. సంక్రాంతి చేసుకునే అక్కలు అదే కాలమ్‌లో తమ తేదీ వేసుకోవచ్చు, రంజాన్ చేసుకునేవాళ్లూ అంతే.