నొక్కి పట్టిన మీట

కీబోర్డు మీద షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ మీటలు తమంతట తాము ఏ అక్షరాన్నీ కొట్టవు. పక్క మీట అర్థాన్ని మార్చి, వేలు లేవగానే తప్పుకుంటాయి. కాబట్టి వీటిని వేలికి బదులు ప్రోగ్రామ్ నొక్కాలంటే ఒక సంకేతం పంపితే చాలదు, ఒక స్థితిని మోయాలి. ఆ మీటల చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది. 1878 నాటి రెమింగ్టన్ 2 టైపురైటరులో ఆ స్థితి ఇనుములో ఉండేది: షిఫ్ట్ నొక్కితే క్యారేజీయే కదిలి, అదే కడ్డీ మీది పెద్దక్షరం కాగితానికి తగిలేది. 1963లో వచ్చిన మోడల్ 33 టెలిటైపులో కంట్రోల్ మీట అక్షరపు బిట్లను కీబోర్డులోనే మార్చేసేది. కంప్యూటరుకు ఫలితం చేరేదే తప్ప, ఏ మీట ఎంతసేపు నొక్కి ఉందో తెలిసేది కాదు. 1981లో ఐబీఎం పీసీ ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. దాని కీబోర్డు ఎడమ షిఫ్ట్ నొక్కినప్పుడు 42 అని, వదిలినప్పుడు 128 కలిపి 170 అని మాత్రమే చెప్పేది. నడుమ షిఫ్ట్ నొక్కే ఉందన్న సంగతిని కంప్యూటరులోని బయోస్ అనే ప్రోగ్రామ్ మెమరీలోని ఒక బైటులో రాసుకునేది. ఇనుము చేసిన పని సాఫ్ట్‌వేర్ జ్ఞాపకానికి వచ్చింది. అనుకరణ సులువైందీ, చిక్కులు మొదలైందీ అక్కడే.

విండోస్‌లో చాలామంది మీట నొక్కినట్టు ఒక సందేశాన్ని నేరుగా కిటికీకి పంపి చూశారు. సందేశం చేరుతుంది, కానీ వ్యవస్థ దగ్గరున్న మీటల పట్టిక మారదు. కాపీ కావలసిన చోట ఉత్త ‘సి’ పడుతుంది. పట్టికను మార్చే ఫంక్షన్ వాడి, వదిలినట్టు చెప్పడం మరిస్తే కంట్రోల్ అలాగే ఉండిపోయి, మనిషి తర్వాత కొట్టే మామూలు అక్షరం ఆదేశంగా మారుతుంది. సెండ్ఇన్‌పుట్ ఫంక్షన్ ఈ సంకేతాల మధ్యలో మనిషి నొక్కినవి దూరకుండా ఆపుతుంది గానీ, అతను అప్పటికే పట్టుకుని ఉన్న షిఫ్ట్‌ను తొలగించదు. మీటలను అనుకరించే ఆటోహాట్‌కీ ప్రోగ్రామ్ మాత్రం దాన్ని ముందు వదిలించి, తన పని ముగించి, మళ్లీ నొక్కిపెడుతుంది. ఈ మర్యాద ప్రతి ప్రోగ్రామూ పాటించవలసింది.

యూనికోడ్ అక్షరాన్నే నేరుగా పంపితే ఈ గొడవ ఉండదు కదా అనవచ్చు. రాత వరకూ నిజమే: ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో ‘క’, ‘ఖ’ ఒకే మీట మీద షిఫ్ట్ తేడాతో ఉంటాయి, నేరుగా పంపితే ఆ తేడాతో పనిలేదు. కానీ సేవ్, కాపీ వంటి ఆదేశాలు అక్షరాలు కావు. మీటలను ఇలా నొక్కించడం దొంగ ప్రోగ్రాములకూ దారే కదా అన్న అభ్యంతరం ఇంకా బరువైనది. ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్ పంపిన మీటలను మామూలుగా పట్టించుకోకపోవడానికీ, విస్టా వెర్షన్ నుంచి విండోస్ తక్కువ అధికారమున్న ప్రోగ్రామ్ ఎక్కువ అధికారమున్నదాని మీద మీటలు నొక్కకుండా అడ్డుకోవడానికీ కారణం అదే. అయినా దారిని పూర్తిగా మూసేయడం అన్యాయం. ఒకే వేలితో టైపు చేసేవారికి రెండు మీటలు కలిపి నొక్కడం సాధ్యం కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ట్రేస్ సెంటర్ కృషితో విండోస్ 95లోకి వచ్చిన స్టిక్కీ కీస్ వారి తరఫున షిఫ్ట్‌ను పట్టుకుని ఉంటుంది. విస్టా కూడా సంతకమున్న, భద్రమైన ఫోల్డరులో ఉన్న సహాయక ప్రోగ్రాములకు ఆ అడ్డు నుంచి మినహాయింపు ఇచ్చింది.