బిడ్డ వయస్సు: మురుగమల్ల ప్రాంత సాంఘిక పరిశీలనకు ఒక చారిత్రక పీఠిక

కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్లాపురము జిల్లా, చింతామణి తాలూకాలోని మురుగమల్ల గ్రామము అమ్మాజాన్, బావాజాన్ దర్గా వలన ప్రసిద్ధి గాంచినది. అదే తాలూకాలోని కైవారమున నారాయణ యతీంద్రులు తెలుగునను కన్నడమునను తత్త్వములు రచించిరి. ఈ సీమలో నేటికిని పెక్కు ఇండ్ల పలుకు తెలుగు. బడికిని కచేరికిని భాష కన్నడము. కళాశాల విద్యార్థులు ఇట్టిచోట బాలుర స్థితిగతులను పరిశోధింపబూనినచో ఈ ద్విభాషాస్థితి ఫలితములనే మార్చగలదు. అది యెట్లో తెలియుటకు పూర్వచరిత్రను కొంత చూడవలసియున్నది.

నాడు ఈ ప్రాంతము మైసూరు సంస్థానములోనిది. ఆ సంస్థానము 1894లో శిశువివాహ నిరోధక శాసనము చేసెను. 8 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుటయు, 50 ఏండ్లు దాటిన పురుషుడు 14 ఏండ్లు నిండని బాలికను పెండ్లాడుటయు దానిచే నేరములయ్యెను. బ్రిటిషు ఇండియాలో వివాహ వయస్సును నిర్ణయించిన శారదా చట్టము 1929లో గాని రాలేదు. అనగా ఈ సీమ బాలికలకు చట్టరక్షణ 35 ఏండ్లు ముందే లభించినదన్నమాట. అయినను ఆ శాసన బలమంతయు ‘ఎనిమిదేండ్లు’ అను మాటపై నిలిచియుండెను. పుట్టిన తేదీ వ్రాసియుంచని యింట ఆ వయస్సును తేల్చుట యెట్లు?

ఇట్టి లెక్క తీయుటకు ఆంధ్రదేశమున జరిగిన యత్నము స్మరణీయము. విజయనగర ప్రభువు ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టికను తయారు చేయించిరి. గురజాడ అప్పారావుగారు 1897లో కన్యాశుల్క నాటక పీఠికయందు దానిని పేర్కొనిరి. మొత్తము వివాహములు 1,034. వధువుల వయస్సు 99 పెండ్లిండ్లలో అయిదేండ్లు, 44 పెండ్లిండ్లలో నాలుగు, 36 పెండ్లిండ్లలో మూడు, 6 పెండ్లిండ్లలో రెండు, 3 పెండ్లిండ్లలో ఒక్కయేడు. సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకొనుటకు జనులు వెనుదీయుదురు గావున ఈ పట్టిక సమగ్రము కాదనియు గురజాడవారే చెప్పిరి. అడిగినవానికి ఇంటివారు ఎంతవరకు నిజము చెప్పుదురను ప్రశ్న సాంఘిక పరిశోధనతోపాటే పుట్టినదని దీనివలన తెలియుచున్నది.

ఈ ప్రశ్నకు చక్కని సమాధానము విద్యార్థుల వలననే లభించినది. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయమున భారత అర్థశాస్త్రమునకు తొలి ఆచార్యుడైన గిల్బర్టు స్లేటరు తన విద్యార్థులను వారివారి గ్రామములకే పంపి, ప్రశ్నావళి ప్రకారము భూమి, పంట, అప్పు, జీవనము మున్నగు విషయములను సేకరింపజేసెను. ఆ ఫలితములు 1918లో గ్రంథరూపమున వెలువడెను. ఆ గ్రామములనే 1936–37లో మరల పరిశీలించిరి. విద్యార్థి తన యూరిలో తన భాషలో అడుగుట ఈ పద్ధతికి ప్రాణము. 1969లో జాతీయ సేవా పథకము ఏర్పడిన పిదప కళాశాల విద్యార్థులు గ్రామములకు పోవుట విరివిగా సాగినది.

మురుగమల్ల పరిసరములలో నేడు ఇట్టి పరిశీలన కోరు విషయములలో పట్టు పరిశ్రమ యొకటి. శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములు పట్టుగూళ్లకును దారము తీయుటకును పేరుపొందినవి. గూళ్లను మరుగునీట వేసి పోగు పట్టునప్పుడు లేత చేతులు బొబ్బలెక్కును. 1986 నాటి చట్టము కొన్ని వృత్తులలో 14 ఏండ్లలోపు బాలురను పనికి పెట్టుటను నిషేధించినది. 2016 సవరణ ఆ నిషేధమును అన్ని పనులకును విస్తరించి, బడివేళలు కాని సమయమున ఇంటిపనికి సాయపడుటను అనుమతించినది. కావున ‘మీ బిడ్డ పనిచేయునా?’ అని కచేరిభాషలో అడిగిన, ‘లేదు’ అనియే తల్లి చెప్పును. ఆమె దృష్టిలో అది పని కాదు, ఇంటి సాయము. తెల్లవారి మొదలు బిడ్డ చేసినదెల్ల వరుసగా ఇంటిమాటలో చెప్పించినచో నిజము బయటపడును.

రెండవది నీరు. 1937లో నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు రోగమును వైద్యులు గుర్తించిరి. చిక్కబళ్లాపుర జిల్లాలో లోతైన బోరునీటియందును ఈ దోషము గలదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు హానికరము. పండ్ల పైపొర ముఖ్యముగా మొదటి 8 ఏండ్లలో ఏర్పడును గావున, గారపండ్ల బిడ్డను చూచి నేటి బోరును పరీక్షించిన చాలదు. ఆ యేండ్లలో వాడు ఎచ్చట నుండెనో, ఏ నీరు త్రాగెనో అడుగవలెను.

పెండ్లికిని, పనికిని, నీటికిని చివరకు బిడ్డ వయస్సే ఆధారము. 1969లో జనన మరణ నమోదు చట్టము వచ్చినను, బడి పుస్తకమున ఎక్కిన తేదీ పెక్కుచోట్ల అంచనా మాత్రమే. ‘ఏ పండుగకు ముందు పుట్టెను? ఏ కరువేట నడక నేర్చెను?’ అని అడుగవలసియుండును. ఈ ప్రశ్నలు తెలుగింట తెలుగుననే అడుగవలెను. ఈ సీమ విద్యార్థులకు ఆ భాష ఉగ్గుపాలతో అబ్బినది. వారు దానిని కళాశాల గుమ్మము వెలుపల విడిచిపోయినచో, ఎంత పెద్ద పట్టిక వ్రాసినను బిడ్డ వయస్సు అందులో తప్పుగనే యుండును; ఆ తప్పుపై కట్టిన రక్షణ బిడ్డకు అందదు.